నవల పక్కన సినిమాను పెట్టి చూడడం ఎలా?

"పుస్తకమే బాగుంది" అన్న మాటతో మొదలైన చర్చ ఐదు నిమిషాల్లో ముగిసిపోతుంది. "సినిమా వాళ్ళు కథను పాడుచేశారు" అన్నా అంతే. మా ఊరి శాఖా గ్రంథాలయంలో నెలకోసారి ఒక పుస్తకాన్నీ, దాని ఆధారంగా తీసిన సినిమానూ ఎదురెదురుగా పెట్టి మాట్లాడుకుంటాం. ఇంటర్ చదివే అమ్మాయిలు వస్తారు, రిటైరైన ఉపాధ్యాయులు వస్తారు, యండమూరి నవలల్లో ఏ పేజీ అడిగినా చెప్పగల టైలరు ఒకాయన వస్తారు. మొదటి గంటలో ఈ రెండు మాటలూ ఎవరూ అనకూడదన్నది నేను పెట్టిన నియమం. తీర్పు చివర్లో ఎలాగూ వస్తుంది. ముందే వచ్చేస్తే పుస్తకాన్ని మళ్ళీ తెరిచే పని ఉండదు. గ్రంథపాలకురాలిగా నాకు కావలసింది ఆ తెరవడమే.

ఇలా కూర్చోవాలనుకునేవాళ్ళకు మా పద్ధతి చెబుతాను. పదిమంది అక్కర్లేదు, ఇంట్లో ఇద్దరున్నా చాలు.

ముందు జత సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పేరు ఒకటే కదా అని నమ్మేయవద్దు. 1960లో గుత్తా రామినీడు తీసిన "చివరకు మిగిలేది" చూసి, బుచ్చిబాబు నవల ఇందులో ఎక్కడుందని వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సావిత్రి నర్సుగా వేసిన ఆ సినిమాకు మూలం అశుతోష్ ముఖర్జీ రాసిన బెంగాలీ కథ. బుచ్చిబాబు నవలకూ దానికీ పేరు తప్ప ఇంకేమీ కలవదు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది: కథ ఒకటే అయినా పేర్లు వేరు కావడం. కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" 1964లో "డాక్టర్ చక్రవర్తి" అయింది. యండమూరి "డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు" 1984లో "ఛాలెంజ్" అయింది. వంశీ తన సొంత నవల "మహల్లో కోకిల"నే "సితార"గా తీశారు. పొత్తూరి విజయలక్ష్మి "ప్రేమలేఖ" జంధ్యాల చేతిలో "శ్రీవారికి ప్రేమలేఖ" అయింది. కాబట్టి సినిమా మొదట్లో పడే పేర్లను వదిలేయకుండా ఆపి చదవండి. మూలకథ ఎవరిదో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.

ఏది ముందు అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. నా మాట: పుస్తకమే ముందు. సినిమా ముందు చూస్తే పాత్రలకు నటుల ముఖాలు అతుక్కుపోతాయి, ఇక చదివేటప్పుడు మీ ఊహకు పనుండదు. యద్దనపూడి సులోచనారాణి నవల "సెక్రటరీ"లో నాయకుడు రాజశేఖరం ఎలా ఉంటాడో ఒక తరం ఆడపిల్లలు ఎవరికి వాళ్ళు ఊహించుకున్నారు. 1976 సినిమా చూసినవాళ్ళకు అతను అక్కినేని. అది నష్టమని నేను అనను, కానీ ఊహకు ముందొక అవకాశం ఇవ్వాలి. పుస్తకం ముగించాక సినిమాకు వారం రోజులు మించి ఎడం ఇవ్వకండి. అంతకంటే ఆలస్యమైతే కథ గుర్తుంటుంది గానీ, వాక్యాలు గుర్తుండవు. మనం పోల్చవలసింది వాక్యాలను.

పాత సీరియల్ నవల అయితే ఒక సలహా. వీలైతే పత్రికలో వచ్చిన రూపంలోనే చదవండి. మా గ్రంథాలయంలో ఎవరో వారపత్రికల నుంచి కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసి ఇచ్చిన బైండు పుస్తకాలున్నాయి. వెనకవైపు సబ్బుల ప్రకటనలూ, వారఫలాలూ ఉంటాయి. ప్రతి భాగం కింద "ఇంకా ఉంది" అని ఉంటుంది. ఆ మాట ఎక్కడెక్కడ పడిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పాఠకులు వారం రోజులు ఊపిరి బిగబట్టి ఆగిన చోట్లు అవి. సినిమాలో విశ్రాంతి ఎక్కడ పడిందో చూసి, ఈ గుర్తుల్లో దేనికి దగ్గరగా ఉందో పోల్చండి. పుస్తకంగా అచ్చువేసినప్పుడు ఆ ఆగిన చోట్లు కనబడకుండా కలిసిపోతాయి.

ఇప్పుడు అసలు పని. సినిమా పెట్టే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. కథ ఎవరు చెబుతున్నారు? ఏ ఘట్టం కళ్ళకు కట్టింది? ఏ ముక్కను తెర మీద చూపించడం సాధ్యం కాదనిపించింది? మిగతా రెండూ మొదటి ప్రశ్న వెంటే వస్తాయి. పుస్తకంలో మనల్ని నడిపించేది చెప్పే గొంతు. తెర మీద ఆ గొంతు ఉండదు. అది పోయిన చోట దర్శకుడు ఏం పెట్టాడు? పోలిక అంతా ఈ ప్రశ్న దగ్గరే ఉందని నా నమ్మకం.

"దేవదాసు" తీసుకోండి. 1917లో అచ్చయిన ఈ బెంగాలీ నవల చివర రచయిత శరత్ కథను ఆపి, నేరుగా మన వైపు తిరుగుతాడు. ఇలాంటి అభాగ్యుడు మీకెప్పుడైనా తారసపడితే అతని కోసం ప్రార్థించమంటాడు. పోయే వేళ నుదుటి మీద ఒక ఆత్మీయమైన చేయి ఆనాలని, ఒక్క కన్నీటిచుక్క అయినా దక్కాలని అడుగుతాడు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమాలో రచయిత లేడు, మనల్ని అలా అడిగేవాడు లేడు. మరి ఆ జాలి ఎక్కడికి పోయింది? ఘంటసాల గొంతులోకి పోయింది. "జగమే మాయ" వింటున్నప్పుడు దేవదాసు పాడుతున్నాడా, దేవదాసు గురించి ఇంకెవరో పాడుతున్నారా అన్న తేడా చెరిగిపోతుంది. అందుకే మా దగ్గర "పాటలు అనవసరం" అని ఎవరైనా అంటే, ఆ పాట పుస్తకంలో ఏ పేరాకు బదులుగా నిలబడిందో వెతకమంటాను. ఏ పేరా దొరకకపోతే అప్పుడు అనవసరమే అనుకుందాం. మన సినిమాల్లో రచయిత గొంతు ఎక్కువగా దాక్కునే చోటు పాటే.

ఇదే నవల మీద 2002లో వచ్చిన హిందీ సినిమాలో పార్వతి, చంద్రముఖి కలిసి నాట్యం చేస్తారు. నవలలో వాళ్ళిద్దరూ కలుసుకోనే కలుసుకోరు. ఇక్కడ "తప్పు" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ఇద్దరినీ ఎదురుపడనివ్వకపోవడం వల్ల శరత్ ఏం సాధించాడు? ఒకరి బాధ ఇంకొకరికి పూర్తిగా తెలియదు. రెండూ తెలిసింది పాఠకుడికి ఒక్కడికే. ఆ బరువు పాఠకుడి మీదే ఉంది. వాళ్ళను కలిపితే బరువు దిగిపోతుంది. నాకు ఆ మార్పు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో ఇలా చెప్పగలిగితే చాలు.

మొదటిసారి చేసేవాళ్ళు పెద్ద నవల జోలికి పోవద్దు. ఒక కథ, దాని మీద రెండు సినిమాలు: ఇంతకంటే మంచి అభ్యాసం లేదు. శ్రీరమణ "మిథునం" అందుకు సరిగ్గా సరిపోతుంది. ఒక్క కూర్చోవడంలో చదివేయవచ్చు. బాపు ముచ్చటపడి తన దస్తూరీతో రాసిన ప్రతి దొరికితే మరీ మంచిది. దీన్ని 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో "ఒరు చెరు పుంచిరి"గా తీశారు. 2012లో తనికెళ్ళ భరణి తెలుగులో తీశారు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి నటించారు.

కథలో అప్పదాసు, బుచ్చిలక్ష్మిల ఇంటికి వచ్చిపోయే మనిషి ఒకడున్నాడు, మనకు కథ చెప్పేది అతనే. అంటే ఆ దంపతుల కీచులాటకు అక్కడొక ప్రేక్షకుడు ఉన్నాడు. ఆయన ఆవిడ మీద విసుక్కుంటే, ఆవిడ ఆయన్ను దెప్పితే, ఆ మాటల్లో సగం ఈ మూడో మనిషి వినాలనే. పెళ్ళయి చాలాకాలమైనవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చున్న ఎవరికైనా ఇది తెలుసు. భరణి ఈ మనిషిని తీసేశారు. తెర మీద ఇద్దరే. ఇల్లు, పెరడు, ఆవు, వంటగది, ఆ ఇద్దరు. ఇక వాళ్ళు ఎవరి కోసం పోట్లాడుకుంటున్నట్టు? ఒకరి కోసం ఒకరు, అంతే. అందువల్ల దెప్పుళ్ళ రుచి మారింది. కథలో చమత్కారం ముందు తగిలి, వెనకాల ప్రేమ తెలుస్తుంది. సినిమాలో ప్రేమే ముందు కనబడుతుంది. కథకుడు వర్ణించే తిండి తెర మీద పాటలోకీ, పనిలోకీ మారింది. కాఫీ మీద ఒక పాటే ఉంది. ఎం.టి. దారి వేరు. ఆయన చుట్టుపక్కల వాళ్ళనూ, పిల్లలనూ తెర మీదికి తెచ్చారు. ఆ దంపతుల జీవితం లోకానికి ఎలా కనబడుతుందో ఆయనకు ముఖ్యం. అక్కడి కృష్ణ కురుప్పు, అమ్మాళుకుట్టి మన అప్పదాసు, బుచ్చిలక్ష్మిలే అయినా, ఇరుగుపొరుగు మధ్య మరో రకంగా నిలబడతారు.

ఈ మూడింటిలో ఒక్క ఘట్టం ఎంచుకోండి. భర్త తనకంటే ముందు వెళ్ళిపోవడమే మేలు, తాను ముందు పోతే ఆయన గతి ఏమిటి అని భార్య అనుకునే చోటు చాలు. కథలో ఆ పేజీ రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి చదవండి. తర్వాత సినిమాలో ఆ ఘట్టాన్ని మొదట మామూలుగా, తర్వాత శబ్దం తీసేసి చూడండి. శబ్దం లేకుండా కూడా అర్థమైందా? అయితే దర్శకుడు దాన్ని బొమ్మగా మార్చగలిగాడు. మాట లేకపోతే ఏమీ అందకపోతే, పుస్తకంలోని వాక్యాన్ని నటి చేత చెప్పించాడన్నమాట. రెండూ పద్ధతులే. లక్ష్మి ముఖంతో ఎంత చెప్పిందో, మాటతో ఎంత చెప్పిందో మీరే తేల్చుకోండి.

ఈ అభ్యాసం బాగా సాగితే తర్వాతి నెలకు పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం". రాత్రి, కాలువ మీద పడవ, రంగి తన బతుకంతా ఒక ప్రయాణికుడికి చెబుతుంది. ఆమె చెప్పిన తన మనిషి పద్దాలును మనం నమ్మాలా వద్దా? ఈ కథ మీద కె.ఎస్. సేతుమాధవన్ తీసిన "స్త్రీ" పెట్టే ముందు అందరినీ ఒకే ప్రశ్న రాసుకోమనండి: రంగి గతాన్ని తెర మీద చూపించాలా, ఆమె నోటితో చెప్పించాలా? రోహిణి నటన చూశాక ఎవరి జవాబు వాళ్ళు సరిచూసుకుంటారు. చలం కథ "దోషగుణం", దాని మీద ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన "గ్రహణం" కూడా ఈ వరసలోవే. అక్కడ నలుపు తెలుపు బొమ్మ ఏ పని చేసిందో గమనించండి.

మార్పు కనబడగానే కారణం వెతకడం తర్వాతి మెట్టు. నిడివి ఒక కారణం. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషమని లెక్క. మూడు వందల పేజీల నవలలో సగానికి పైగా పోక తప్పదు. తారలు ఇంకో కారణం. "కొండపొలం" చూడండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవలకు 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి వచ్చింది, 2021లో క్రిష్ తీశారు. కరువు రోజుల్లో గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కిన కాపరులు, చెట్ల పేర్లు, నీటి జాడలు, పులి భయం, వాళ్ళ మధ్య ఒక చదువుకున్న కుర్రవాడు: నవల నిండా ఇదే. సినిమాలో నవలలో లేని ప్రేమకథ వచ్చింది, ఓబులమ్మ వచ్చింది. కోపం తెచ్చుకోవడం సులువు. కానీ ప్రేమకథకు ఎన్ని నిమిషాలు పోయాయో, ఆ నిమిషాల కోసం నవలలో ఏ అధ్యాయాన్ని వదిలారో పక్కపక్కన రాయండి. మా దగ్గర రాసినప్పుడు గొర్రెల గురించిన పేజీలే ఎక్కువ పోయాయని తేలింది. నాకు అదే బాధ. ఆ నవలలో గొర్రెలు మనుషులతో సమానమైన పాత్రలు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది "కాలాతీత వ్యక్తులు". డాక్టర్ పి. శ్రీదేవి రాసిన నవల, 1950ల విశాఖపట్నం, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తున్న ఇందిర. ఆమె ఎవరి జాలీ కోరదు. తనకు కావలసింది కావాలని పైకి చెబుతుంది, దక్కకపోతే ఏడుస్తూ కూర్చోదు. వైద్య విద్యార్థి ప్రకాశం లాంటి పిరికివాణ్ణి చూసి మనకు కలిగే చిరాకు ఆమెకూ కలుగుతుంది. తెలుగులో అలాంటి ఆడమనిషి అంతకుముందు లేదు. ఈ నవలే 1963లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో "చదువుకున్న అమ్మాయిలు" అయింది. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ, అక్కినేని. సరదా సినిమా, సాలూరి రాజేశ్వరరావు పాటలు ఇప్పటికీ పాడుకుంటాం. కానీ "ఆడవాళ్ళ కోపంలో అందమున్నది" అని పాడుకునే లోకంలో ఇందిర కోపానికి చోటెక్కడుంది? నవలలో ఆ కోపం అందం కోసం రాలేదు, అద్దె కట్టాల్సిన అవసరం నుంచి వచ్చింది. సినిమాను తిట్టమని నేను అనడం లేదు. ముగ్గురు తారలకు ముగ్గురు నాయికలు కావాలి, అందరికీ పెళ్ళి కావాలి, నవ్వులు కావాలి. ఆ కొలతల్లో ఇందిర పట్టదు. ఆమె ఇంకా తెర మీదికి రాలేదు, అంతే.

ఇక్కడి నుంచి కోరికల్లోకి వెళ్ళవచ్చు. ఫలానా నవలను ఫలానా హీరోతో తీస్తే బాగుంటుందని అందరం అనుకుంటాం. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. కోరికను ఒక పేజీ రాయండి. అందులో నటుల పేర్లు ఉండకూడదు. ఎవరి కళ్ళతో చూడాలి, మొదటి ఘట్టం ఏది, ఏం వదిలేయాలి, ఎంత నిడివి, ఏ శబ్దాలు వినిపించాలి: ఇవి ఉండాలి. ఏం వదిలేయాలో రాయలేకపోతే ఆ పుస్తకం మీకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదని అర్థం, మళ్ళీ చదవండి.

నా పేజీ ఒకటి చూపిస్తాను. డాక్టర్ కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు". గంటన్నర సినిమా. పందుల్ని మేపుకునే ముసలివాడు, అడవిలో ఈనిన పంది, కాచుకున్న నక్కలు. ముసలివాడికి నవలలో పేరు లేదు, సినిమాలోనూ పెట్టవద్దు. పాటలు వద్దు, నేపథ్య సంగీతం కూడా వద్దు. ఆకుల చప్పుడు, పంది గురక, దూరంగా నక్కల ఊళ, ముసలివాడి ఊపిరి. నవలలో అతని ఆలోచనలు చాలా ఉన్నాయి. వాటిని గొంతుతో చెప్పించే పని పెట్టుకోవద్దు, చేతులు చూపించండి. ఈటెను పట్టుకునే తీరు మొదట్లో ఎలా ఉందో, తెల్లవారేసరికి ఎలా ఉందో చూపిస్తే అతను ఏమనుకుంటున్నాడో మనకు తెలుస్తుంది. వెలుతురు సాయంత్రం నుంచి మర్నాటికి ఎలా మారుతుందో అదే కథ నడక. ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటి కూడా వద్దు.

"కాలాతీత వ్యక్తులు"కు మాత్రం సినిమా చాలదు, ఆరు భాగాల సిరీస్ కావాలి. మొదటి ఘట్టం ఇందిర ఆఫీసు నుంచి ఇంటికి రావడం, చివరిదాకా ఆమె వెంటే ఉండాలి. రావిశాస్త్రి "అల్పజీవి" సుబ్బయ్య భయాన్ని ఎలా చూపించాలో నాకు ఇంకా తోచలేదు. మా టైలరుగారు మాత్రం ఆఫీసులో ఇతరుల చెప్పుల చప్పుడుతోనే తీయవచ్చంటారు, నాకు ఆ మాట బాగా నచ్చింది. శంకరమంచి సత్యం "అమరావతి కథలు" శ్యామ్ బెనెగల్ హిందీలో దూరదర్శన్ కోసం తీశారు. ఆ కృష్ణ ఒడ్డు మనుషులు తెలుగులో మాట్లాడుతుంటే చూడాలని నా ఆశ.

రాసిన పేజీని మీ దగ్గరే ఉంచుకోకండి. లఘుచిత్రాలు తీసే కుర్రవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, కథలు లేవంటూ తిరుగుతుంటారు. వాళ్ళ చేతిలో పెట్టండి. అయితే హక్కుల సంగతి ముందే తెలుసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళు హక్కులు వారసులవి. శ్రీదేవి 1961లో పోయారు, కాబట్టి 2022 నుంచి ఆ నవలను ఎవరైనా తీయవచ్చు. గోపీచంద్ 1962లో పోయారు, "అసమర్థుని జీవయాత్ర" కూడా ఇప్పుడు అందరిదీ. బుచ్చిబాబు 1967లో పోయారు, ఆయన నవలకు 2028 దాకా ఆగాలి. అనువాదాలతో జాగ్రత్త: శరత్ మూలానికి హక్కులు ఎప్పుడో తీరిపోయినా, తెలుగు అనువాదం మీద అనువాదకుడి హక్కు వేరే లెక్క. కేశవరెడ్డి, రావిశాస్త్రి, శ్రీరమణ లాంటివారి రచనలకు కుటుంబాన్నో, హక్కులున్న ప్రచురణకర్తనో అడిగి కాగితం మీద అనుమతి తీసుకోవాలి. పుస్తకం మొదటి పేజీల్లోనే చిరునామా ఉంటుంది. ఉత్తరంలో మీ ఒక్క పేజీ కోరికను కూడా జతచేయండి. ఆ పుస్తకంతో మీరు ఏం చేయదలచుకున్నారో అడిగినవాళ్ళకు అందులోనే తెలుస్తుంది.